చటక – చాటకైరము: పట్టణీకరణము, పెనుకొండ ప్రాంతపు గానపక్షుల సంతానోత్పత్తి

మహాభారతము ఆదిపర్వమున ఖాండవదహన ఘట్టము కలదు. కృష్ణార్జునుల సాయమున అగ్ని ఆ వనమును దహించునపుడు బ్రతికి బయటపడినవారు ఆరుగురే. అశ్వసేనుడను నాగుడు, మయుడు పోగా తక్కిన నలుగురును పక్షిపిల్లలు. మందపాలుడను ముని సంతానార్థియై శార్ఙ్గకపక్షి రూపమున జరిత యను పక్షియందు నలుగురు కుమారులను కని, లపిత యను వేరొక పక్షితో వెడలిపోయెను. మంటలు సమీపించునప్పటికి పిల్లలకు రెక్కలు రాలేదు. ఎలుక కన్నమున దాగుడని తల్లి చెప్పినది. కన్నమున చొచ్చినచో ఎలుకవలన చావు నిశ్చయము, అగ్నివలన చావు సందేహాస్పదము, కావున బయటనే యుందుమని పిల్లలు వాదించిరి. నీవు వయసున నున్నదానవు, మరల సంతానమును బడయవచ్చును, ఎగిరి పొమ్మని తల్లిని పంపివేసిరి. నన్నయయు ఈ కథను తన ఆదిపర్వపు తుది ఆశ్వాసమున నిలిపెను.

పుత్రలాభ ప్రశంసకును, అగ్నిస్తుతి మహిమకును ఈ కథను ఉదాహరించుట పరిపాటి. కాని కథలోని చిక్కంతయు ఒక చిన్న విషయముపై నిలిచియున్నది. తల్లికి రెక్కలు కలవు, పిల్లలకు లేవు. పాండవుల నగరము వెలసిన ఖాండవప్రస్థపు పొరుగు అడవి తగులబడినపుడు ఎగురగల పక్షికి దారి దొరకును, గూటిలోనున్న దానికి దొరకదు. నగరములు పెరుగుటచే పక్షులకు కలుగు మార్పును పరిశీలించువారు తరచుగా మరచునది ఇదియే. ఊరిలో పక్షులు కనిపించుచున్నవా, లేవా యని అడుగుదురు. కనిపించునది రెక్కలు వచ్చిన పక్షి. అది ఆ ఊరిలో గూడు కట్టినదా, గ్రుడ్లు పొదిగినదా, పిల్లలను గూటినుండి ఎగురనిచ్చినదా అను ప్రశ్న వేరు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు వేగముగ మారుచున్న ఈ కాలమున ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది.

ఈ భేదమును తెలుపు పదము సంస్కృతమున సిద్ధముగ నున్నది. పాణిని అష్టాధ్యాయి నాల్గవ అధ్యాయపు మొదటి పాదమున అపత్యార్థక ప్రత్యయములను చెప్పుచు 'చటకా' శబ్దమునకై ప్రత్యేకముగ ఒక సూత్రము (4-1-128) చేసి 'ఐరక్' ప్రత్యయమును విధించెను. అందుచే చటకా సంతానము 'చాటకైర' మగును. స్త్రీసంతానమైనచో ప్రత్యయము లోపించి మరల 'చటకా' యనియే యుండునని వార్తికము. అమరసింహుడు సింహాదివర్గమున దీనినే అనుసరించి మగ పిచ్చుకకు, ఆడు పిచ్చుకకు, మగపిల్లకు, ఆడుపిల్లకు వరుసగా పేర్లు చెప్పెను. ఋషుల గోత్రములకును రాజుల వంశములకును ప్రత్యయములు విధించు ప్రకరణమున పిచ్చుకకు సైతము ఒక సూత్రము దక్కుట గమనింపదగినది. ఆ శాస్త్రకారులకు పిచ్చుకపిల్ల నిత్యము కంటబడు వస్తువు. నేటి పట్టణముల స్థితిని ఆ పరిభాషలో చెప్పవలెనన్న, చటకము లుండి చాటకైరములు లేని ఊళ్ళు ఏర్పడుచున్నవి.

ఇచట ఒక సందేహమును ముందుగనే తీర్చుకొనవలెను. సంస్కృతమున చటక మనగా అన్ని చోట్లను మన ఊరపిచ్చుకయే యని చెప్పుటకు వీలులేదు. పంచతంత్రము మిత్రభేదమున ఏనుగుపై పగతీర్చుకొన్న చటకదంపతుల గూడు తమాలవృక్షముపై నున్నది. ఊరపిచ్చుక ప్రాయికముగ గోడరంధ్రములను, ఇంటి చూరులను ఆశ్రయించును. చెట్టుకొమ్మపై గూడు కట్టు చిన్న పిట్టలకును ఆ పేరు చెల్లియుండును. తెలుగువారు 'ఊర' అను విశేషణము చేర్చి ఈ చిక్కును తొలగించుకొనిరి. మనుష్యుని ఊరితో పేరునందే ముడిపడిన పక్షి యిది.

గూటిని తెలుపు పదములును ఇట్లే ఆలోచింపజేయును. 'నీడ' శబ్దము సంస్కృతమున గూడు. కూర్చుండుట యను అర్థముగల సద్ ధాతువునకు 'ని' ఉపసర్గ చేరి పుట్టినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. లాటిను 'నిడుస్', ఆంగ్లము 'నెస్ట్' దీనికి జ్ఞాతులు. తెలుగున నీడ యనగా ఛాయ. ఈ రెండు పదములకు సంబంధము లేదు, ధ్వనిసామ్యము యాదృచ్ఛికము. అయినను చింతచెట్టు క్రింద పాఠము చెప్పు పండితునికి ఈ శ్లేష తోచకపోదు. ఇక తెలుగు 'గూడు' పక్షిగూడే కాక, గోడలో దీపము పెట్టుకొను గుంటయు నగును. ఇల్లు కట్టువాడు తనకొరకు గోడలో వదలిన ఖాళీకిని, పక్షి తనకొరకు చేసికొన్న నెలవునకును భాష ఒకే పేరు పెట్టినది. పాత యిండ్లలో ఒకదాని నొకటి ఆక్రమించుకొనుటయు జరిగెడిది.

గానపక్షి యను మాటకు జంతుశాస్త్రము చెప్పు అర్థము లోకవ్యవహారమునకు భిన్నమైనది. గొంతుక అడుగున, ఊపిరిగొట్టము రెండుగా చీలుచోట, క్లిష్టమైన కండరములతో కూడిన శబ్దావయవము గల ఒక పెద్ద వర్గమునకు ఆ పేరు. పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట, నల్లంచి, గిజిగాడు, తేనెపిట్ట ఇవన్నియు అందు చేరును. కాకియు అందు చేరును! కవులు పంచమస్వరమునకు ఒజ్జగా నిలిపిన కోకిల మాత్రము చేరదు. ఈ విపర్యాసము నవ్వు తెప్పించునదే కాని, వ్యాస విషయమునకు దీనితో పని కలదు. దాని సంగతి ముందు వచ్చును.

పెనుకొండ, సంస్కృతమున ఘనగిరి, విజయనగర రాజుల కాలమున ప్రధాన దుర్గములలో నొకటి. 1565 నాటి రాక్షసతంగడి యుద్ధానంతరము తిరుమలరాయడు రాజధానిని ఇచటికి మార్చెను. నాడు ఇది నగరమే. రాజధాని తరలిపోయిన పిమ్మట కోట, గగనమహలు, దేవాలయములు, బురుజులు మిగిలి, జనము పలుచబడి, శిథిలముల నడుమ పొదలు పెరిగినవి. ఒక నగరము ఖాళీయైన చోట పక్షులకు నెలవు లెట్లు ఏర్పడునో చూపు స్థలముగా పెనుకొండ అనేక శతాబ్దములు నిలిచినది. గత పది సంవత్సరములలో ప్రవాహము మరల తిరిగినది. బెంగళూరునకు పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కన ఎర్రమంచి వద్ద కియా మోటార్సు సంస్థ 2017లో ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, సుమారు 536 ఎకరములలో కర్మాగారము నిర్మించి, 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగార మది. పెనుకొండ నగరపంచాయతీకి 2021 నవంబరులో ఎన్నికలు జరిగినవి. 2022లో ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. హిందూపురము 2011 జనగణన నాటికే లక్షన్నర దాటినది, ధర్మవరము లక్షా ఇరువదివేలు దాటినది.

ఊరు పెరుగుట యనగా పక్షికి ఏమి మారును? మొదట ఇల్లు మారును. రాయలసీమ మిద్దెయిల్లు పక్షిశాస్త్రజ్ఞుడు కట్టించినట్లుండును. మందమైన రాతిగోడ, దానిపై దూలములు, దూలములపై దంతెలు, వాటిపై కట్టెపుల్లలు పరచి మట్టి, చౌడు మెత్తిన కప్పు. దంతె కొస గోడపై ఆనుచోట బెత్తెడు సందు మిగులును. వెలుతురునకై గవాచి యుండును. ఆ సందులు ఊరపిచ్చుకకు కొలిచి చేసిన నెలవులు. పిల్లికి అందవు, వానకు తడియవు. కాంక్రీటు స్లాబునకు అట్టి సందు లేదు. గాజు కిటికీకి గవాచి గుణము లేదు. ధనవంతుని మేడయు, ప్రభుత్వము కట్టించి యిచ్చిన పక్కాయిల్లును ఈ విషయమున సమానములే. మిద్దె వానకాలమున కారుచుండగా, ఏటేట చౌడు మోయలేక, మనుష్యుడు స్లాబు వేసికొనుట తప్పనరాదు. వాని సుఖము పిచ్చుకకు నిలువనీడ లేకుండ చేసినది. ఇచట 'నీడ' శబ్దమును ఏ భాషలో గ్రహించినను సరిపోవును.

గూడు దొరకినంతమాత్రమున పిల్లలు బ్రతుకవు. పిచ్చుక గింజలు తిను పక్షి యని అందరును ఎరుగుదురు. పెద్దపిట్ట విషయమున అది నిజము. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు మొదటి దినములలో గింజ పనికిరాదు. మెత్తని గొంగళిపురుగులు, చిన్న మిడుతలు, సాలెపురుగులు, పేనుబంకవంటి పురుగుపుట్ర కావలెను. పన్నెండు దినములు పొదిగి, పదునైదు దినములు పెంచు తలిదండ్రులు ఆ పక్షము దినములును కీటకములకై తిరుగుచునే యుందురు. పశువుల కొట్టము, పేడదిబ్బ, పెరటి చిక్కుడుపాదు, ములగచెట్టు, కాలువగట్టు గడ్డి, ఇవి పురుగుల ఉత్పత్తిస్థానములు. పట్టణ మగుచున్న ఊరిలో మొదట పోవునవియు ఇవియే. ఇంగ్లండులోని లెస్టర్ నగరమున ఊరపిచ్చుకల గూళ్ళను పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనము, కీటకములు కొరవడిన చోట్ల పిల్లలు ఆకలిచే చచ్చుట హెచ్చనియు, ఆ నష్టము పిచ్చుకల సంఖ్య తగ్గుటకు చాలుననియు తేల్చెను. 2009లో వెలువడిన వేరొక సమీక్ష అనేక దేశముల గానపక్షులను పరికించి, పట్టణపక్షులు అడవిపక్షులకంటె ముందుగ గ్రుడ్లు పెట్టుననియు, తక్కువ పెట్టుననియు, వాటి పిల్లల బరువు తక్కువ యనియు చూపెను.

డాబాపై నూకలు చల్లువారు పుణ్యాత్ములే. కాని ఆ నూకలు చటకమునకు ఆహారము, చాటకైరమునకు కాదు. పెద్దపిట్టలు తిని బ్రతుకుచుండుటచే ఊరిలో పిచ్చుక లున్నవను భ్రాంతి కొన్నియేండ్లు నిలుచును. పుట్టిన పిల్లలు ఎగురకపోవుటచే వార్ధక్యము పైబడిన గ్రామమువలె ఆ గుంపు క్రమముగ కరగును. ప్రక్క పల్లెలనుండి వచ్చి చేరు పిట్టలు లోటును కొంత పూడ్చును గనుక గణనలలో అది వెంటనే బయటపడదు. 2020లో ప్రకటింపబడిన భారతదేశ పక్షిస్థితి నివేదిక ప్రకారము దేశము మొత్తముమీద ఊరపిచ్చుక గత పాతికయేండ్లుగ ఇంచుమించు నిలకడగ నున్నది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, ముంబయి, కలకత్తా నగరములలో మాత్రము తగ్గుచున్నది. పిచ్చుక అంతరించిపోవుచున్నదను పత్రికల ఆక్రందన అతిశయోక్తి యని దీనివలన తెలియును. పల్లె పట్టణమగు మలుపున ఏమి జరుగుచున్నదో చూచుటకు పెనుకొండవంటి ఊరు మహానగరముకంటె తగినది. మిద్దెలును, స్లాబులును ఇంకను ఒకే వీధిలో నున్నవి గదా!

గిజిగాని కథ ఇంతకంటె విశేషమైనది. జాషువ ఖండికవలన తెలుగు పాఠకునికి ఇది పరిచితమైన పక్షి. సాలిం అలీ బొంబాయి సమీపమున కిహిం గ్రామములో పరిశీలించి 1931లో ప్రకటించిన విషయములు పక్షిశాస్త్రమున ప్రసిద్ధములు. మగపక్షి పచ్చి పోచలు చీల్చి తెచ్చి గూటిని సగమువరకు అల్లి ఆగును. ఆడుపక్షులు వచ్చి పరీక్షించును. ఒకటి సమ్మతించినచో మిగిలిన భాగమును, గొట్టమువంటి ద్వారమును పూర్తిచేసి, ఆపై మరియొక గూటిని మొదలిడును. ఎవ్వరును మెచ్చని సగము గూళ్ళు అట్లే వ్రేలాడుచుండును. చెట్టుక్రింద నిలిచి గూళ్ళను లెక్కించి, ఇన్ని కుటుంబములని వ్రాయుట ఎంత పొరపాటో దీనినిబట్టి గ్రహింపవచ్చును. గొట్టము గల గూడు వేరు, లేని గూడు వేరు.

ఈ పక్షి నీటిమీదికి వంగిన కొమ్మను కోరును. కరువుసీమలో నీరెక్కడిది? దిగుడుబావులలోనిది. చెరువుక్రింది మాగాణిలోను, మెట్టపొలములలోను త్రవ్విన పెద్దబావుల అంచున మొలచిన తుమ్మ, ఈత చెట్ల కొమ్మలు బావిలోనికి వంగి, గిజిగాళ్ళకు కోటలవలె ఉపయోగపడినవి. చుట్టును ముప్పది, నలుబది అడుగుల లోతు ఖాళీ, క్రింద నీరు. పాము, పిల్లి, పిల్లవాడు ఎవ్వరును చేరలేరు. గొట్టపుబావులు వచ్చిన తరువాత భూగర్భజలము క్రుంగి, ఈ బావులు ఎండినవి. ఊరికి దగ్గరివి చెత్తతో నిండి, పూడి, ఇండ్లస్థలములైనవి. ఆరంగుళముల ఇనుపగొట్టము పైకి ఏ కొమ్మయు వంగదు. పచ్చిపోచ నిచ్చు వరి, చెరకు మళ్ళును చెరువుతోపాటు తగ్గినవి. ఇందలి దోషమంతయు పట్టణముదే యనుట న్యాయము కాదు. కొఱ్ఱ, సజ్జ, జొన్న పండిన మెట్టచేలను వేరుసెనగ ఆక్రమించుట పట్టణము రాకముందే జరిగినది. గింజతిండి పక్షులకు అది మొదటి దెబ్బ, పట్టణము రెండవది.

కొండ వేరొక లోకము. పెనుకొండ కోటగోడల రాళ్ళసందులలో నల్లంచి పిట్ట గూడు కట్టుటకు అనువగు నెలవులు కొల్లలు. 1862–64 నడుమ తన భారతీయ పక్షిగ్రంథమును ప్రకటించిన జెర్డను, నెల్లూరు సీమలో వైద్యుడుగ నుండి విన్న తెలుగుపేర్లను కూడ వ్రాసియుంచెను. నల్లంచి, పెద్దనల్లంచి, పిగిలిపిట్ట మొదలగు పేర్లు అందు కానవచ్చును. నల్లంచి గోడరంధ్రమున గడ్డి, వెండ్రుకలు పరచి, తరచుగా పాము కుబుసపు తునకను కూడ చేర్చును. వేసవి నెలలు దానికి ముఖ్యమైన ఈనిక కాలము. పురాతన కట్టడముల మరమ్మతులును వానలకు ముందు వేసవిలోనే జరుగుట సహజము. సందులను సిమెంటుతో మూయునపుడు లోపల గ్రుడ్లున్నవా యని చూచు ఆచారము లేదు. మరమ్మతు కావలసినదే, కోట నిలువవలసినదే. పని మొదలిడుటకు ముందు ఒక దినము దూరమునుండి గోడను గమనించినచో నోట పురుగుతో రాకపోకలు చేయు పక్షులు ఏ సందున దూరుచున్నవో తెలిసిపోవును. ఆ సందు నొక్కదానిని రెండు, మూడు వారములు విడిచిపెట్టుటకు ఖర్చు లేదు.

ఈ తరహా బండకొండలకు మరియొక నివాసి కలదు, పసుపుగొంతు పిగిలిపిట్ట. దక్షిణభారతమున తప్ప ప్రపంచమున మరెక్కడను లేని పక్షి. 1845లో జెర్డనే దీనిని మొదట శాస్త్రలోకమునకు తెలిపెను. ఆంధ్ర, కర్ణాటక, తమిళదేశముల గుండ్రాళ్ళ కొండలయందలి పొదలే దాని జీవనము. ఈ సీమకు సమీపమున హార్సిలీకొండలు, నందికొండలు దీనికి పేరువడిన స్థలములు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ముప్పునకు లోనైన జాతిగ గుర్తించినది. ఊరపిచ్చుకకు ఊరు చుట్టుముట్టిన ముప్పు. ఈ పక్షికి ఊరు దూరమునుండియే ముప్పు. నగరములలో మేడల నేలకు పరచు నల్లరాయి, గులాబిరాయి ఎక్కడో ఒక కొండను పగులగొట్టినది గదా. గనికి దారి, దారికి దుమ్ము, దుమ్ము కప్పిన పొద, వంటచెరకునకై నరికిన కొమ్మ, వేసవిలో అంటించిన నిప్పు, ఇట్లు పట్టణము తాను రాకయే తన నీడను కొండపై పరచును.

ఇక పాట. మగపక్షి పాడుట వినోదమునకు కాదు. ఈ నెలవు నాదని మగవానికిని, గూటికి రమ్మని ఆడుదానికిని చెప్పుటకు. అది వినబడనిచో జంట కుదరదు. వాహనముల రొద మంద్రస్థాయిలో దట్టముగ నుండును. హాలండులోని లైడెన్ నగరమున గ్రేట్ టిట్ అను చిన్నపిట్టలు రొదగల చోట్ల తమ పాటలోని మంద్రస్వరములను వదలి పైస్థాయిలో పాడుచున్నవని 2003లో కనుగొనిరి. 2020 వసంతమున కోవిడ్ వలన సాన్‌ఫ్రాన్సిస్కో నగరము మూగపడినపుడు అచటి తెల్లకిరీటపు పిచ్చుకలు గొంతు తగ్గించి, మంద్రమును మరల చేర్చుకొని పాడెను. గొంతు తగ్గినను ఆ పాట మునుపటికి రెట్టింపు దూరము వినబడినది. వియన్నా సమీపపు అడవి అంచున 2010లో ప్రకటింపబడిన పరిశీలన వీధిదీపములను గూర్చినది. దీపము చెంతనున్న మగపక్షులు తెల్లవారకమునుపే పాడసాగెను. ఆడుపక్షులు సగటున ఒకటిన్నర దినము ముందుగ గ్రుడ్లు పెట్టెను. ఒకటిన్నర దినము అల్పముగ తోచును. పిల్లలు నోరు తెరచు దినమునకు గొంగళిపురుగులు సిద్ధముగ నుండవలెను. దీపము పక్షికి తొందర కలిగించును, పురుగును పుట్టించు ఋతువునకు కలిగించదు. మన సీమలో ఆ పురుగులు తొలకరితో పుట్టును. పెనుకొండ ప్రాంతమున వాన ఎన్నడు పడునో పక్షికేకాదు, పంచాంగకర్తకును చెప్పుట కష్టము!

గానపక్షులు పాటను పుట్టుకతో తెచ్చుకొనవు. పిల్ల మొదట విని నిలుపుకొనును, తరువాత గొణుగుచు అభ్యసించును, తుదకు స్పష్టముగ పాడును. వేదపాఠశాలలో సంతచెప్పు విధమునకు ఇది మిక్కిలి దగ్గరగ నుండుటను ప్రాచ్యకళాశాల అధ్యాపకునికి వివరింపనక్కరలేదు. గురువుల సంఖ్య తగ్గి, బయట రొద పెరిగినచో పాఠము ఏమగునో అదియే ఇచటను జరుగును. కావున గూళ్ళు చెడుట సంఖ్యకు మాత్రమే సంబంధించిన నష్టము కాదు.

పట్టణము అందరికిని శత్రువు కాదు. మేఘసందేశమున దశార్ణదేశ వర్ణన చేయుచు కాళిదాసు, గృహబలిభుక్కులు గూళ్ళు కట్టనారంభించుటచే గ్రామచైత్యములు సందడిగ నుండుటను చెప్పెను. కోలాచల మల్లినాథసూరి ఆ పదమునకు కాకి మొదలగు గ్రామపక్షులని అర్థము చెప్పెను. ఇంటివారు వేయు బలి తిని, ఊరి చెట్టుపై గూడు కట్టుట వాటి వృత్తి. నేడు బలికి బదులు ఫలహారశాలల ఎంగిలి, కబేళాల వ్యర్థము లభించును. కాకి గూటికి పుల్లలేకాక ఇనుపతీగలను కూడ వాడనేర్చినది. గోరింక దీపస్తంభపు గొట్టములలో పిల్లలను పెంచును. తేనెపిట్ట ముందరి వసారాలోని తీగకు సంచివంటి గూడు వ్రేలాడదీయును. లిక్కుజిట్ట కుండీమొక్క ఆకులను కుట్టుకొనును. కోకిలకును ఇది మంచికాలమే. పరభృత మను పేరు దానికి ఊరక రాలేదు. దుష్యంతుడు శకుంతలను నిందించుచు ఎత్తిన దృష్టాంతము కూడ ఇదియే. కాకులు పెరిగిన పట్టణమున కోకిలలు పెరుగుట న్యాయమే. ఉగాదినాడు నగరమున కోకిల కూసినదని ప్రకృతి పచ్చగనున్నట్లు సంపాదకీయములు వ్రాయుట కలదు. ఆ కూత తెలుపునది కాకిగూళ్ళ సమృద్ధిని, కాకిగూళ్ళ సమృద్ధి తెలుపునది చెత్తకుప్పల సమృద్ధిని. కాకులు హెచ్చినకొలది పిగిలిపిట్ట, పిచ్చుకల గ్రుడ్లకు, పిల్లలకు ముప్పు హెచ్చును. గానపక్షుల వర్గమునకు చెందిన కాకియే గానపక్షుల గూళ్ళను దోచుట!

మనుష్యుల నడుమ పక్షులు నిర్భయముగ పిల్లలను పెంచుట అసాధ్యము కాదనుటకు ఈ సీమలోనే సాక్ష్యము కలదు. హిందూపురము సమీపమున చిలమత్తూరు మండలమునందలి వీరాపురమునకు ఏటేట ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరినడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టుకొనును. ఇవి గానపక్షులు కావు, గొంతులేనివన్నను చెల్లును. అయినను వాటి రాకను శుభముగ భావించి, గ్రామస్థులు వాటిని కాపాడుదురు. ఇచట రక్షింపబడునది పెద్దకొంగ కాదు. అది ఎగిరిపోగలదు. రక్షింపబడునది చెట్టు, చెట్టుపై గూడు, గూటిలోని పిల్ల ఎగురువరకు పట్టు కాలము. చెరువులు ఎండిన యేడు కొంగలు పిల్లలకు చేపలు తేలేకపోవుటయు కలదు. గూడు, ఆహారము రెండును కావలెనను సూత్రము ఇచటను మారదు.

ఏటా మార్చి 20ని పిచ్చుకల దినముగ 2010 నుండి జరుపుచున్నారు. ఆనాడు అట్టపెట్టెలు పంచుట, ఛాయాచిత్రములు తీయించుకొనుట ఆచారమైనది. పెట్టె మంచిదే. ముప్పదిరెండు మిల్లీమీటర్ల రంధ్రమైనచో పిచ్చుక దూరును, గోరింక దూరజాలదు. ఎండ నేరుగా తగులని గోడకు, పిల్లికి అందని ఎత్తున కట్టవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఈ సీమలో పడమటి గోడకు కట్టిన రేకుపెట్టె జరిత చూపిన ఎలుక కన్నమువంటిది. పెట్టెకు పదిగజముల దూరమున మందుకొట్టని చిక్కుడుపాదో, వేపచెట్టో, కనీసము గడ్డి పెరుగనిచ్చిన మూలయో లేనిచో తల్లి పురుగును ఎక్కడనుండి తెచ్చును?

గణనము కూడ మారవలెను. ఎన్ని పిట్టలు కనబడినవని వ్రాయు పట్టికలో మరి మూడు గడులు చేర్చినచో చాలును: నోట పోచతో కనబడినది, నోట పురుగుతో కనబడినది, తోక పొట్టిగనుండి పెదవిమూల పసుపుపచ్చగనున్న పిల్ల కనబడినది. పెనుకొండలో పాత మిద్దెల వీధిని, కొత్త స్లాబుల వీధిని, రహదారి చెంతను, కోటగోడ చెంతను ఒకే విద్యార్థి ఫిబ్రవరి మొదలు సెప్టెంబరు వరకు వారమున కొకసారి ప్రొద్దుట ఒక గంట తిరిగి ఈ గడులు నింపవచ్చును. దుర్భిణి కూడ అక్కరలేదు. మూడవ గడికి పైన ఏమి వ్రాయవలెనో పాణిని చెప్పియే యున్నాడు.